లాకులకి తలుపులు మళ్ళీ పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా మే 15న మా గోదావరి వైపు కాటన్ దొర విగ్రహాలకి దండలు వేస్తాం. ధవళేశ్వరం మొదలుకొని చిన్న చిన్న ఊళ్ళ సెంటర్ల దాకా ఎక్కడ విగ్రహం ఉంటే అక్కడ రైతులు, నాయకులు, బడిపిల్లలు పోగవుతారు, పాలాభిషేకాలు కూడా చేస్తారు. నేనూ వెళ్తాను. అయితే ఆ రోజు ఇంకో సంగతి కూడా ఉంటుంది, అది ఎవరూ పట్టించుకోరు. మే నడిమికి డెల్టా కాలువలన్నీ కట్టేసి ఉంటాయి, మరమ్మతుల కోసం. అంటే ఏడాది మొత్తంలో లాకుల (కాలువ మట్టం మారే చోట పడవల్ని ఎక్కించి దింపడానికి తలుపులు పెట్టి కట్టిన రాతి తొట్ల) అడుగు కంటికి కనిపించేది ఆ నెలన్నర రోజులే. దొరకి దండ వేసి ఇంటికి వచ్చే దారిలో ఆయన కట్టించిన లాకు ఏ స్థితిలో ఉందో చూడాలంటే బండి ఆపి గట్టు దిగితే చాలు.

నేను దిగాను. మా ఊరి లాకు పైతలుపుల జాగాలో ఇప్పుడు ఇనుప షట్టర్లు ఉన్నాయి, పొలాలకి నీళ్ళు వదలడానికి. కింది తలుపులు లేనే లేవు. అవి ఉండాల్సిన చోట ఒక పక్క అడ్డగోడ లాంటిది కట్టేశారు, రెండో పక్క గుర్రపుడెక్క ఎండిపోయి, దాని కింద ప్లాస్టిక్ సీసాలు, పాత చెప్పులు, ఒక దేవుడి పటం ఫ్రేము. తలుపు తిరిగే మూల మాత్రం రాతిలో గుండ్రంగా తొలిచినది తొలిచినట్టే ఉంది, చెయ్యి పెడితే నున్నగా తగిలింది. గోడ పైఅంచున రాయి మీద నిలువుగా గాళ్ళు పడి ఉన్నాయి. వేలు పెడితే వేలు సగానికి దిగింది. అవి ఎవరో చెక్కినవి కావండి. తరాల తరబడి పడవల తాళ్ళు అదే చోట రాచుకుని రాచుకుని, రాయి అలా అరిగిపోయింది. కొబ్బరిపీచు తాడు రాయిని అంత లోతుకి కోసిందంటే ఆ లాకులోంచి ఎన్ని వేల పడవలు దాటి ఉంటాయో మీరే ఊహించండి.

మా తాత ఆ పడవల మీదే బతికాడు. సొంత పడవ కాదు, కళాసీగా (పడవ మీద పనివాడిగా) మొదలుపెట్టి ఆఖరికి సరంగు (పడవ నడిపేవాడు) అయ్యాడు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, ఎదురు నీటికి అయితే గట్టు మీద ఇద్దరు ముగ్గురు తాడు భుజానికి వేసుకుని లాక్కుంటూ నడవటమే. నా చిన్నప్పుడు, అంటే 1970ల మొదట్లో, ఆఖరి పడవలు కొన్ని నేనూ చూశాను. ధాన్యం బస్తాలు, ఇటుకలు, కొబ్బరికాయలు, సున్నం వేసుకుని వచ్చేవి. లాకు దగ్గర పడవ ఆగిందంటే మాకు బడి ఎగ్గొట్టినంత సంబరం. పడవ తొట్టిలోకి రాగానే లాకు చూసుకునే లస్కరు వెనక తలుపులు మూసేవాడు, ముందు తలుపుల అడుగున ఉండే చిన్న షట్టరు మెల్లగా ఎత్తేవాడు, టేకు చెక్కల సందుల్లోంచి నీళ్ళు చివ్వున చిమ్మేవి. పడవ మా కళ్ళ ముందే అంగుళం అంగుళం కిందికి దిగిపోయేది, ఇందాక మాతో సమానంగా నిలబడి మాట్లాడిన మనిషి తల మా కాళ్ళ దగ్గరికి వచ్చేది. తర్వాత లస్కరూ ఇంకో మనిషీ పొడవాటి దూలానికి నడుం ఆనించి వెనక్కి నడిచేవాళ్ళు, అంత పెద్ద తలుపు కిర్రుమంటూ తెరుచుకునేది. కరెంటు లేదు, మోటారు లేదు. రెండు తలుపులూ ఎగువ వైపుకి మొన తిరిగేట్టు కలుస్తాయి కాబట్టి నీటి బరువే వాటిని బిగించి పట్టుకుంటుంది, రెండు పక్కలా నీళ్ళు సమానం అయ్యాకే కదులుతాయి. అంతే ఆ యంత్రం. వందల ఏళ్ళ కిందటి ఆలోచన, ఇవాళ పెట్టినా పనిచేస్తుంది.

ఈ ఉత్తరం రాయడానికి కారణం ఒక్కటే. మన డెల్టా కాలువల మీద పాత లాకులని మళ్ళీ పడవలు దాటేట్టు బాగుచెయ్యాలి. జాతీయ జలమార్గం అని ఎప్పుడో ప్రకటించారు కదా అంటారేమో, అసలు గొడవంతా అక్కడే ఉంది.

ముందు ఒక మాట చెప్పాలి. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడని, డెల్టా అన్నం తింటోందంటే ఆయన చలవేనని అందరికీ తెలుసు. కానీ ఆయన కాలువలు తవ్వించింది ఒక్క సాగుకే కాదు. నీళ్ళు పారే కాలువలోనే సరుకూ పారాలన్నది ఆయన పట్టుదల. ఇంగ్లీషు ప్రభుత్వం రైళ్ళ మీద డబ్బు పోస్తుంటే, ఈ దేశానికి రైలు కంటే చవకైన నీటిదారి ముఖ్యమని జీవితమంతా వాదించాడు. అందుకే ఆనకట్ట దగ్గర హెడ్ స్లూయిజు (కాలువలోకి నీళ్ళు వదిలే తూము) పక్కనే పడవలకి లాకు కట్టారు, కాలువ మట్టం దిగిన ప్రతిచోటా మళ్ళీ ఇంకో లాకు కట్టారు. పైన భద్రాచలం దాటాక దుమ్ముగూడెం దగ్గర కూడా ఆనకట్ట, లాకులు కట్టి, గోదావరి మీద రాతిబండల అడ్డం తప్పించి నాగపూరు వైపు పత్తిని పడవల్లో కిందికి తేవాలని చూశారు. ఆ పైగోదావరి పథకాన్ని 1871లో మధ్యలోనే వదిలేశారు. అది సగం కల. కింద డెల్టాలోది మాత్రం సగం కల కాదు, నూరేళ్ళకి పైగా నిజంగా నడిచింది. కాకినాడలో పడవ ఎక్కించిన సరుకు ధవళేశ్వరం వచ్చి, గోదావరి దాటి విజ్జేశ్వరం లాకులోంచి ఏలూరు కాలువలో పడి, నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు మీదుగా బెజవాడ చేరి, కృష్ణ దాటి కొమ్మమూరు కాలువలోంచి పెదగంజాం, అక్కణ్ణించి బకింగ్‌హాం కాలువలో మద్రాసు దాకా పోయేది. ఒకే నీటిదారి. దారి పొడవునా లాకులే దానికి కీళ్ళు.

2008లో పార్లమెంటు ఈ దారినే నాలుగో జాతీయ జలమార్గం అని చట్టం చేసింది. కాకినాడ కాలువ 50 కిలోమీటర్లు, ఏలూరు కాలువ 139, కొమ్మమూరు 113, ఉత్తర బకింగ్‌హాం 316, దక్షిణ బకింగ్‌హాం 110, పుదుచ్చేరి దగ్గర కలువెలి చెరువు 22, వీటికి గోదావరిలో భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171, కృష్ణలో వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా 157 కలిపి మొత్తం 1,078 కిలోమీటర్లు. 2016 చట్టంతో దాన్ని ఇంకా పొడిగించారు. 2017లో విజయవాడలో శంకుస్థాపన జరిగింది, ముక్త్యాల నుంచి విజయవాడ దాకా కృష్ణలో పనులన్నారు. నది మీద ఏదో కొంత జరిగింది. కాలువల మాట? మా కాలువ మీద ఇప్పటికీ ఒక్క లాకు తలుపు కూడా కొత్తది పెట్టలేదు.

నాకు అనిపించేది ఏమిటంటే, 1,078 కిలోమీటర్లు అని మొదలుపెట్టడమే తప్పు. అంత పెద్ద అంకె పేపరు మీద బావుంటుంది, దాన్ని చూసి ఫైలు భయపడి పడుకుంటుంది. మద్రాసు నగరంలో బకింగ్‌హాం కాలువ మీద, కాలువలోనే స్తంభాలు పాతి రైలు మార్గం కట్టేశారు, అక్కడ పడవ నడపాలంటే ఎవరి వల్లా కాదు. కానీ ఆ ముడి విడేదాకా మా 50 కిలోమీటర్ల కాకినాడ కాలువ ఎందుకు ఆగాలి? ధవళేశ్వరం నుంచి కాకినాడ దాకా ఉన్న లాకులు బాగుచేస్తే అదొక్కటే సొంతంగా పనికొచ్చే దారి. ముందు అది చెయ్యండి.

ఎందుకు పనికొస్తుందో చెప్తాను. తూర్పు డెల్టాలో రైసుమిల్లులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక్కసారి చూడండి, చాలా వాటికి కాలువ కూతవేటు దూరంలోనే ఉంటుంది, ఎందుకంటే అవి ఒకప్పుడు కాలువని చూసుకునే కట్టినవి. ఆ బియ్యం ఎక్కడికి పోతోంది? కాకినాడ పోర్టుకి. ఇవాళ మిల్లులో లారీకి ఎత్తి, రోడ్డు మీద తెచ్చి, కాకినాడలో దింపి, అక్కడ మళ్ళీ బార్జీకి (సరుకు మోసే పెద్ద పడవకి) ఎత్తుతారు. యాంకరేజీ పోర్టులో ఓడ ఒడ్డుకి రాదు, సముద్రంలో లంగరు వేసుకుని ఉంటుంది, బస్తాలు బార్జీల మీదే ఓడ దగ్గరికి వెళ్తాయి. అంటే మన బియ్యం ఎలాగూ పడవ ఎక్కుతోంది! మిల్లు రేవులోనే ఎక్కితే లారీ ఖర్చు, ఒక దింపుడు, ఒక ఎత్తుడు మిగులుతాయి కదా. బార్జీలు నడిపే సరంగులు, కళాసీలు కాకినాడలో ఉన్నారు. చెక్క పడవలు కట్టే వడ్రంగులు తాళ్ళరేవు వైపు ఉన్నారు. సరుకుంది, మనుషులున్నారు, నీళ్ళున్నాయి, లేనిది తలుపులే.

కేంద్రం వాళ్ళే చెప్పే లెక్క ఒకటుంది. ఒక లీటరు డీజిల్‌తో ఒక టన్ను సరుకుని లారీ 24 కిలోమీటర్లు లాగితే, రైలు 85, నీటి మీద బార్జీ 105 కిలోమీటర్లు లాగుతాయట. కడియం, కడియపులంక నర్సరీల మొక్కలు కూడా ఆలోచించండి. కాలువ గట్టునే పెరుగుతాయి, ఆ కాలువ నీళ్ళే తాగుతాయి, మట్టిబరువుతో లారీ ఎక్కి గతుకుల్లో కుదుళ్ళు ఊడిపోతాయి. పడవలో వెళ్తే ఆకు కూడా కదలదు.

ఇక రైతుల అభ్యంతరాలు. నేనూ మూడెకరాలు చేస్తాను కాబట్టి వాటిని తేలిగ్గా తీసెయ్యను. మొదటిది, దాళ్వాలో (రెండో పంటలో) వంతులవారీ నీళ్ళకే కొట్టుకు చస్తుంటే పడవలకి నీళ్ళెక్కణ్ణించి తెస్తారు అని. నిజమే, శివారు రైతు బాధ నాకు తెలుసు. కానీ లాకు నీళ్ళు తాగదండి. పడవ దిగినప్పుడు తొట్టిలో నీళ్ళు కింది కాలువలోకే పోతాయి, ఆ కింది కాలువ కిందే శివారు పొలాలుంటాయి. నీళ్ళు వృథా అయ్యేది సముద్రం పక్క ఆఖరి లాకు దగ్గరే, అక్కడ పడవలకి గంటలు పెట్టుకుంటే సరిపోతుంది. పైగా ఆఖరి లాకు తలుపులు గట్టిగా ఉంటే ఉప్పునీరు పైకి రాకుండా ఆగుతుంది, అది రైతుకే మేలు.

రెండోది గట్లు కోసుకుపోతాయని. మోటారు పడవ జోరుగా పోతే అల కొట్టి గట్టు జారుతుంది, ఒప్పుకుంటాను. దానికి వేగం మీద కట్టడి పెట్టాలి, మెత్తగా ఉన్నచోట రివిట్‌మెంట్ రాయి పేర్చాలి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఈ కాలువ నీళ్ళే మా మంచినీళ్ళ చెరువుల్లోకి ఎక్కుతాయి, ఊళ్ళకి ఊళ్ళు అవే తాగుతాయి, అందులో డీజిల్ పడవలు తిప్పితే మా పిల్లలు ఏం తాగాలి? ఈ మాట అడిగిన మా ఊరి ఆడవాళ్ళకి దణ్ణం పెట్టాలి. జవాబు కేరళలో ఉంది. అక్కడ వైకోం దగ్గర 2017 నుంచి 75 మంది ఎక్కే సోలార్ పడవ జనాన్ని చేరేస్తోంది. కొచ్చిలో 2023లో వాటర్ మెట్రో మొదలుపెట్టారు, అవీ బ్యాటరీ పడవలే. వాళ్ళకి మన ఆర్టీసీ లాగా నీటి రవాణాకి ప్రభుత్వ శాఖే ఉంది, జనం బస్సెక్కినట్టు బోటెక్కి ఆఫీసులకి పోతారు. నెమ్మదిగా నడిచే మన కాలువ పడవకి బ్యాటరీ కంటే తగినది ఇంకోటి లేదు, చప్పుడుండదు, నూనె కారదు, పెద్ద అల కూడా లేవదు.

భద్రత గురించి కూడా అడుగుతారు, అడగాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన ఘోరం మా జిల్లావాళ్ళం ఎవ్వరం మర్చిపోలేదు. అది వరద గోదావరి, సుడిగుండాల చోటు. కాలువ అలాంటిది కాదు, ప్రవాహం మన చేతిలో ఉన్న నీళ్ళు. అయినా లైఫ్ జాకెట్టు లేకుండా ఒక్క మనిషిని ఎక్కించకూడదు, లైసెన్సు లేని పడవని లాకు దాటనివ్వకూడదు. నిజానికి లాకు అంటేనే చెకింగ్ పోస్టు, ప్రతి పడవా అక్కడ ఆగి తీరాలి.

ఇంకా కోపం వచ్చే విషయం ఒకటుంది, అది వంతెనలు. పాత వంతెనలు చూడండి, నడుం ఎత్తి, మధ్యలో కమాను పెట్టి కడతారు. పడవ, పడవ మీద నిలబడ్డ మనిషి దూరాలని. ఈమధ్య కాలువల మీద వేస్తున్న స్లాబు వంతెనలు నీటిని రాసుకుంటూ ఉంటాయి. కాలువ నిండుగా పారేటప్పుడు చెత్త కూడా దాని కింద దూరదు, అక్కడే గుర్రపుడెక్క గుట్ట పడుతుంది. అలాంటిది ఒక్కటి కట్టారంటే ఆ కాలువ మీద పడవ దారి ఇంకో యాభై ఏళ్ళు మూసేసినట్టే. నేను ఈ సంగతి చెప్పుకోవడానికి ఒక ఆఫీసుకి వెళ్తే, పడవలు మా పని కాదండీ, మాది సాగునీరు, అన్నారు. ఇంకో ఆఫీసుకి వెళ్తే, జలమార్గం మాదే గానీ కాలువ మాది కాదు కదండీ, అన్నారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు, కాఫీ కూడా ఇచ్చారు. కానీ లాకు ఎవరిదో చెప్పేవాళ్ళు మాత్రం దొరకలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. మా తాత ఏ లాకు ఎవరిదో అడగాల్సిన అవసరం రాలేదు, లాకు దగ్గర లస్కరు ఉండేవాడు, క్వార్టర్సు ఉండేది, రాత్రి లాంతరు ఉండేది, అంతే.

గట్ల మీద గుడిసెలు, చిన్న ఇళ్ళు వేసుకున్నవాళ్ళ గురించి కూడా ఒక మాట. పడవల పేరు చెప్పి వాళ్ళని జేసీబీలతో తోసేస్తారేమో అని భయం. అలా అయితే ఈ ఉత్తరం రాసినందుకు నేనే సిగ్గుపడాలి. పడవకి కావలసింది నీళ్ళు, లాకు, అక్కడక్కడా రేవు. గట్టు మొత్తం ఖాళీ చేయించక్కర్లేదు. రేవు కోసం, తాడుబాట (పడవని తాడుతో లాగుతూ నడిచే దారి) కోసం నిజంగా అడ్డొచ్చిన ఇల్లు ఉంటే, ముందు వేరే చోట ఇల్లు కట్టి తాళం చేతికిచ్చి అప్పుడు అడగాలి.

డబ్బులేవి అంటారా, ఏటా క్లోజర్ (కాలువలు కట్టేసినప్పటి) పనులకి డబ్బు పెడుతూనే ఉన్నాం. షట్టర్లకి గ్రీజు, రంగు, పూడికతీత, గుర్రపుడెక్క ఏరివేత, కాంక్రీటు లైనింగు. ఇవన్నీ కావలసినవే. నేను అడిగేది ఆ జాబితాలో లాకు తలుపులు కూడా ఒక పద్దుగా చేర్చమని. కాలువ ఎండి ఉన్న నెలన్నరలో తలుపులు దించడం సుళువు, నీళ్ళుండగా చేస్తే పదింతల పని. టేకు దొరక్కపోతే ఉక్కువి పెట్టండి. రాతిగోడలు, తలుపు తిరిగే గుంటలు, అడుగు రాయి చాలాచోట్ల చెక్కుచెదరకుండా ఉన్నాయి, కొత్తగా కట్టాల్సింది తక్కువ. ఇంగ్లండులో కెనెట్-అవాన్ అని ఒక కాలువ ఉంది, నూరు పైచిలుకు లాకులు, మన కాలువల్లాగే మూతబడి పాడుపడిపోయింది. ఊళ్ళవాళ్ళే చందాలు వేసుకుని, సెలవు రోజుల్లో బురద ఎత్తి, కొన్ని దశాబ్దాలు పట్టినా సరే లాకుల్ని బాగుచేసుకుంటూ పోయారు, 1990లో రాణి వచ్చి దాన్ని మళ్ళీ తెరిచింది. మన ఊళ్ళల్లో గుడి కడదామంటే వారంలో చందాలు వచ్చిపడతాయి. లాకుకి పైకం, మనిషిసాయం అడిగి చూడండి, మా ఊరు వెనకాడదు. అనుమతి కాగితం మాత్రం మేం తెచ్చుకోలేం, అది ప్రభుత్వమే ఇవ్వాలి.

అందుకని మీ పేపరు ద్వారా నేను అడిగేవి ఇవి. జలవనరుల శాఖా, జలమార్గాల సంస్థా కూర్చుని కాకినాడ కాలువ మీద లాకులు ఎవరి బాధ్యతో ఒక్క కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఆ కాలువ మీద ఇక నుంచి ఏ వంతెన కట్టినా పడవ దూరే ఎత్తు ఉంటేనే అనుమతి ఇవ్వాలి, దీనికి రూపాయి ఖర్చు లేదు కాబట్టి రేపే చెయ్యొచ్చు. వచ్చే క్లోజర్‌కి టెండర్లు పిలిచే ముందు ఒక్క లాకుని, ఒకే ఒక్కదాన్ని, రెండు జతల తలుపులతో సహా ఆ పనుల్లో చేర్చాలి. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియకపోతే ఇంజనీర్లని మే నెలలో ఒక పొద్దున మా ఊరు పంపండి. తాళ్ళ గాళ్ళు పడ్డ ఆ రాయి దగ్గర నేను ఎదురుచూస్తూ ఉంటాను, నిచ్చెన కూడా తెచ్చి పెడతాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తూర్పు డెల్టా, గోదావరి